సంతకం మాత్రం సారుది

"తర్వాత ఏం చేస్తారో చెప్పందే పట్టా ఇవ్వను" అన్నాడు కిటికీ అవతల గుమాస్తా.

ఆ విశ్వవిద్యాలయంలో అదొక తంతు. ఏళ్ళ తరబడి కుర్చీలరగదీసి డాక్టరైన ప్రతి మనిషీ చివరికి ఆ కిటికీ ముందు నిలబడి ఒక ఫారం నింపాలి. పేరూ, పుట్టిన తేదీ, గైడు పేరూ అయ్యాక అడుగున నాలుగు గళ్ళుంటాయి. పని ఖాయమైంది. మాటల్లో ఉంది. వెతుకుతున్నాను. ఏమీ లేదు. నాలుగింట్లో ఒకదానికి టిక్కు పెట్టాలి. అంతే పని.

ఆ అంతే పని చేయలేక పెద్దన్న పావుగంట నుంచి పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. విభాగంలో అందరికంటే వయసులో పెద్ద కాబట్టి అతన్ని అందరూ పెద్దన్న అనేవారు. వచ్చిన కొత్తలో ప్రేమగా అన్నారు. తొమ్మిదేళ్ళయ్యాక అది ప్రేమో ఎగతాళో అన్నవాళ్ళకే తెలియదు. ఇతనికంటే ముందు చేరినవాళ్ళు వెళ్ళిపోయారు, ఇతని తర్వాత చేరినవాళ్ళూ వెళ్ళిపోయారు, ఇతను మాత్రం గుంజకు కట్టిన గేదెలా అక్కడే ఉండిపోయాడు.

"ఏమండీ డాక్టరుగారూ, ఇంజనీర్లు ఇలా వచ్చి అలా టిక్కు పెట్టి పోతారు. మీ సామాజిక శాస్త్రాల వాళ్ళే దాన్ని పరీక్షలో ప్రశ్నలా చూస్తారు. అది కరవదండీ, పెట్టండి."

"మాటల్లో ఉందంటే... ఎంతవరకూ ఉండాలండీ మాటలు?"

"మీ ఇంట్లో వాళ్ళతో మాట్లాడినా మాటలే. పెట్టండి, వెనక జనం ఉన్నారు."

వెనక జనం ఎవరూ లేరు. పెద్దన్న రెండో గడిలో టిక్కు పెట్టాడు. మాటలు తేలాక పట్టాకి రమ్మన్నాడు గుమాస్తా.

ఆ టిక్కు పూర్తిగా అబద్ధం కాదు. వేరే ఊళ్ళో పెద్ద పరిశోధన సంస్థ ఒకటుంది. డాక్టరేటు అయినవాళ్ళను రెండేళ్ళ పాటు పెట్టుకుంటుంది. సొంత గది, గది తలుపు మీద పేరు, ఇష్టమొచ్చిన పని చేసుకునే వీలు. అక్కణ్ణుంచి బయటికొచ్చినవాడు రోడ్డున పడ్డ దాఖలా లేదు. ఏడాదికోసారి ప్రకటన వేస్తారు, ఒక విభాగం నుంచి ఒక్కరికి మించి తీసుకోరు, నలభై దాటినవాడి దరఖాస్తు విప్పి కూడా చూడరు. పెద్దన్నకు నలభై నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది. అంటే అతని బతుక్కి ఇదే మొదటి ప్రకటన, ఇదే ఆఖరుది.

ఇది రాకపోతే ఏం చేయాలో కూడా ఇంట్లో తేల్చేశారు. అతని భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం దాకా వచ్చినవాళ్ళ చేతులకు సూదులు గుచ్చడమే ఉద్యోగం. తొమ్మిదేళ్ళుగా ఇల్లు నడిచింది ఆ సూది మొన మీదే. ఆమె అన్న, అంటే పెద్దన్న బావమరిది, ఊరి చివర అట్టపెట్టెల కర్మాగారంలో మేస్త్రీ.

"సీటు రాకపోతే దిగులెందుకు బావా, మా గేటు దగ్గర రిజిస్టరు రాద్దువుగాని రా" అనేవాడు వచ్చినప్పుడల్లా. "లోపలికొచ్చినవాడి పేరు, బయటికెళ్ళినవాడి పేరు. నీ చదువుకి ఆ మాత్రం రాయగలవులే."

ఆ మాటకు భార్య కూడా నవ్వేది. పెద్దన్న మాత్రం నవ్వేవాడు కాదు. ఎందుకంటే అతని తొమ్మిదేళ్ళ పరిశోధనా ఆ అట్టపెట్టెల కర్మాగారాల మీదే. మూడు వందల పన్నెండు మంది కూలీలను పట్టుకుని, ఒక్కొక్కణ్ణీ ఒకే ప్రశ్న అడిగాడు: "నువ్వు ఎవరి మాట మీద లోపలికొచ్చావు?" కొండను తవ్వి అతను పట్టిన ఎలుక ఏమిటంటే, ఏ కూలీ పనితనం చూసి పెట్టుకోరు, వాడి గురించి మాటిచ్చినవాణ్ణి చూసి పెట్టుకుంటారు. వాడు చెడిపోతే మాటిచ్చినవాడి పరువు పోతుంది కాబట్టి ఆ మాటకు బరువు. ఈ సంగతి ఏ గేటు దగ్గర కాపలావాణ్ణడిగినా గుక్కెడు టీ తాగేలోపు చెప్పేవాడు. పెద్దన్న దానికి మూడు వందల నలభై పేజీలు తీసుకున్నాడు.

*

ఆ ఏడాది విభాగం నుంచి సీటుకు ఇద్దరు అర్హులయ్యారు. ఒకరు పెద్దన్న. రెండోది పిచ్చుక. సన్నగా, పొట్టిగా, ఒక్కచోట నిలవకుండా తిరుగుతూ, తిరిగినంతసేపూ మాట్లాడుతూ ఉంటుందని ఆ పేరు. ముప్పై నిండలేదు. పెద్దన్నను అన్నా అంటూ అతని దగ్గరే పని నేర్చుకుంది. అన్నా ఈ పట్టిక సరిగా ఉందా, అన్నా ఈ అధ్యాయం ఎలా మొదలెట్టను, అన్నా నీ ప్రశ్నల కాగితం ఒకసారి ఇస్తావా. అతను అన్నీ ఇచ్చాడు. ఇవ్వడంలో ఒక సుఖముంటుంది. అడిగేవాళ్ళు లేని ఇంటి నుంచి వచ్చినవాడికి ఆ సుఖం మరీ ఎక్కువ.

గైడుగారు ఇద్దర్నీ పిలిపించాడు. ఆయన గదిలో మూడు బీరువాలు, నిండా సిద్ధాంత గ్రంథాలు, వాటిలో ఆయన తెరిచినవి ఎన్నో బీరువాలకే తెలియాలి.

"ఇద్దరూ పెట్టండయ్యా. ఇద్దరూ నా పిల్లలే. నా సిఫారసు ఉత్తరం కావాలంటారు, అంతేగా? మీరే రాసుకురండి, సంతకం పెడతాను."

ఆ రోజుల్లో అక్కడ అదే ఆనవాయితీ. గైడు రాయాల్సిన ఉత్తరాన్ని శిష్యుడే గైడు గొంతుతో రాసుకోవాలి. "నా ఇరవయ్యేళ్ళ అనుభవంలో ఇంతటి విద్యార్థిని చూడలేదు" అని తన గురించి తనే రాసుకుని, తలొంచుకుని తీసుకెళ్ళి ఇస్తే, ఆయన అడుగున ఒక గీత గీకుతాడు. కవరు అంటించేసి పంపాలి. అవతలివాళ్ళకూ తెలుసు. అయినా సంతకం ఎవరిదైతే మాట వాళ్ళదే. ఆ గీత పడ్డాక దేవుడొచ్చినా కాదనలేడు.

పరిశోధకుల గదికి వచ్చి కూర్చున్నారు. ఆ గదిలో కుర్చీలన్నీ మూడు కాళ్ళవే, నాలుగో కాలికి బదులు ఏదో ఒక నిఘంటువు ఉంటుంది.

"అన్నా, నా గురించి నేను రాసుకోవాలంటే నా వల్ల కాదు. చచ్చే సిగ్గు" అంది పిచ్చుక, కాగితం కప్పులో టీ ఊదుకుంటూ.

"నాకు మాత్రం సిగ్గు లేదా?"

"నీకు అందరికంటే ఎక్కువ. నువ్వు రాసుకుంటే 'ఈయనకు అక్షరాలు వచ్చు' అని రాసుకుంటావు. ఒక పని చేద్దామా? నాది నువ్వు రాయి, నీది నేను రాస్తాను. ఎదుటివాళ్ళ గురించైతే చెయ్యి ఆగదు."

"ఇద్దరం ఒకే సీటుకి పోటీ కదే?"

"అందుకే చెబుతున్నా. నేను నీది సరిగా రాయకపోతే నువ్వు నాది సరిగా రాయవు. ఇంతకంటే గట్టి ఒప్పందం ఉంటుందా? నీ గ్రంథంలో నువ్వే రాశావుగా, మాట మీద మాట అని."

తన గ్రంథం ఒక మనిషి చదివిందనేసరికి పెద్దన్నకు కాళ్ళు నేల మీద ఆనలేదు. సరే అన్నాడు.

రెండు రోజులు కూర్చుని రాశాడు. తన గ్రంథంలో ఏ పేజీకీ పెట్టనంత శ్రద్ధ పెట్టాడు. ఈ అమ్మాయి మూడో అధ్యాయంలో అనుసరించిన విధానం పూర్తిగా సొంతం, అని రాశాడు. ఆ విధానం తను చెప్పిందే. పట్టికల తయారీలో ఈమె చూపిన ఓర్పు అరుదైనది, అని రాశాడు. ఆ పట్టికలు తను మూడుసార్లు తిరగరాసినవే. ఎవరి నీడా పడకుండా స్వతంత్రంగా ఆలోచించే మనిషి, అని ముగించాడు. మళ్ళీ చదువుకుంటే తనకే ఒళ్ళు పులకరించింది. అబద్ధాన్ని అంత ముచ్చటగా అతను ఎప్పుడూ చెప్పలేదు.

పిచ్చుక చదివి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"అన్నా, ఇది నేనేనా?"

"నువ్వే. నాది ఏదీ?"

"అయ్యో, పొద్దున సారు ఊరెళ్తున్నారంటే పరిగెత్తుకెళ్ళి సంతకం చేయించి అంటించేశాను. నీకు ఇప్పుడు చూపించాలంటే చింపాలి. చింపనా?"

చింపమని అనాలి. అతని గ్రంథం రెండు వందల పన్నెండో పేజీలో, మడతలు పెట్టే విభాగంలో పనిచేసే ముసలాయన చెప్పిన మాట ఉంది: "బాబూ, నీ గురించి ఎవడైనా మాట చెబుతుంటే నువ్వు ఎదురుగా నిలబడి విను. వినని మాట నీది కాదు." ఆ మాటను పెద్దన్న అచ్చులో పెట్టాడు, కింద గీత గీశాడు, దాని మీద నాలుగు పేజీల వ్యాఖ్యానం రాశాడు. ఆచరించడం మాత్రం మరిచిపోయాడు.

"వద్దులే, చింపడం ఎందుకు" అన్నాడు.

*

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో కళ్ళద్దాల పెద్దమ్మ, అటూ ఇటూ ఇద్దరు మగవాళ్ళు. గది చల్లగా ఉంది.

"మీ గైడుగారు మిమ్మల్ని చాలా మెచ్చుకున్నారండీ" అంది పెద్దమ్మ.

అతని గుండె లేచి నిలబడింది.

"చదువుతాను వినండి. 'చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు. ఎదురు ప్రశ్న వేయడు. తన పని మానుకునైనా తోటివాళ్ళ పని చేసిపెడతాడు. ఈ విభాగంలో గత అయిదేళ్ళలో వచ్చిన ప్రతి గ్రంథంలోనూ ఇతని చెయ్యి ఉంది. తొందర పెడితే తడబడతాడు గానీ సమయమిస్తే ఏదైనా పూర్తి చేస్తాడు. ఇలాంటి మనిషి ఏ ఆఫీసుకైనా దొరకడం అదృష్టం.'"

ఎడమ పక్కాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కుడి పక్కాయన ఆ మాత్రం కష్టం కూడా పడలేదు, నవ్వేశాడు.

"మంచివారే" అన్నాడు కుడి పక్కాయన. "కానీ ఇక్కడ సొంత పని చేసుకునేవాళ్ళు కావాలండీ. మీ పని మానుకుని అందరి పనీ చేస్తే, మీ పని ఎవరు చేస్తారు?"

"అది... అది నేను..." అన్నాడు పెద్దన్న.

ఏమని చెబుతాడు? ఈ ఉత్తరం గైడు రాసింది కాదు అంటే, ఆ సంతకం దొంగదా అంటారు. పిచ్చుక రాసింది అంటే, మరి పిచ్చుకది ఎవరు రాశారంటారు. తేలు కుట్టిన దొంగ అరవలేడు. పైగా ఉత్తరంలో ఉన్నట్టే తొందరపెడితే తడబడ్డాడు కూడా. పెద్దమ్మ ఏదో రాసుకుంది.

"మీ గ్రంథం దేని మీద?" అంది చివర్లో, మర్యాదకి.

"సిఫారసుల మీదండీ."

ఈసారి ముగ్గురూ నవ్వారు.

*

సీటు పిచ్చుకకు వచ్చింది. ఆమె మిఠాయి పొట్లంతో వచ్చింది. పెద్దన్న పొట్లం ముట్టుకోలేదు.

"నన్ను గొయ్యి తీసి పాతిపెట్టావు కదే" అన్నాడు.

పిచ్చుక కళ్ళు పెద్దవి చేసింది. ఆ కళ్ళలో దొంగతనం లేదు. అదే అతనికి ఎక్కువ మంటగా ఉంది.

"ఏం రాశానన్నా? అందులో ఒక్క అబద్ధం ఉందా, చెప్పు."

అతను వెతికాడు. లేదు.

"పోనీ, నువ్వు నా గురించి రాసినదాంట్లో ఒక్క నిజం ఉందా?"

అదీ లేదు.

"మరి నన్నంటావేంటి? నేను ప్రేమతో ఉన్నది ఉన్నట్టు రాశాను. నువ్వే అబద్ధాలు రాశావు" అంది పిచ్చుక. నిజంగానే నొచ్చుకుంది. పొట్లం అక్కడే వదిలేసి వెళ్ళింది.

ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. ఆమె అప్పుడే పని నుంచి వచ్చి, చేతులకు సబ్బు రుద్దుకుంటోంది. అంతా విని చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు మాట్లాడింది.

"నేను రోజుకి అరవై మందికి సూది గుచ్చుతానండీ. తాగుబోతులొస్తారు, పిచ్చివాళ్ళొస్తారు. పక్కవాడి రక్తం ఇచ్చి, తన రిపోర్టు ఇమ్మని అడిగినవాణ్ణి మాత్రం ఇంతవరకూ చూడలేదు. ఇవాళ చూశాను. నా ఇంట్లోనే ఉన్నాడు."

"తను మోసం చేస్తుందనుకోలేదు."

"చేయలేదుగా. ఉన్నమాటే రాసింది. తొమ్మిదేళ్ళ నుంచి నేను మొత్తుకునేది అదేగా. నా మాట ఎవరూ కాగితం మీద పెట్టలేదు, అంతే తేడా. రేపు మా అన్న దగ్గరికెళ్ళండి."

మర్నాడు పెద్దన్న కర్మాగారం గేటు ముందు నిలబడ్డాడు. ఏడేళ్ళ కిందట చేతిలో ప్రశ్నల కాగితంతో నిలబడ్డ చోటే. అప్పుడు కాపలావాడు కుర్చీ వేశాడు. ఇప్పుడు పక్కకి జరగమన్నాడు. లారీ ఒకటి అట్టల కట్టలతో లోపలికెళ్తోంది.

బావమరిది బయటికొచ్చాడు, చేతులకు జిగురు.

"ఏం బావా, ఇలా వచ్చావు?"

"రిజిస్టరు రాసే పని అన్నావుగా."

బావమరిది మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. చేతులకున్న జిగురును వేళ్ళతో ఉండలు చేశాడు.

"సరదాకి అన్నాను బావా."

"నాకు సరదా కాదిప్పుడు."

"చూడు, మొహమాటం లేకుండా చెబుతాను. ఇక్కడ ఎవణ్ణి పెట్టినా మేనేజరు ఒకటే అడుగుతాడు, ఎవరి మాట మీద అని. నా మాట మీద అనాలి. నువ్వే రాశావంట కదా పుస్తకంలో, వాడు చెడితే మాటిచ్చినవాడి పరువు పోతుందని? చెల్లెలు చదివి చెప్పింది. నాకు పంతొమ్మిదేళ్ళు పట్టింది ఆ పరువుకి. నువ్వు గేటు దగ్గర కూర్చుని, లారీ వస్తే నంబరు రాయకుండా డ్రైవరు కష్టసుఖాలు రాసుకుంటావు. నేనెరగనా?"

"బావా..." అన్నాడు పెద్దన్న.

"ఏమీ అనుకోకు. భోజనం చేసి వెళ్ళు."

లోపల మడతల విభాగం గుమ్మంలో ముసలాయన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. రెండు వందల పన్నెండో పేజీ ముసలాయనే. పెద్దన్నను గుర్తుపట్టి చెయ్యూపాడు. "బాబూ, అయిందా చదువు?" అని అరిచాడు. పెద్దన్న అయిందన్నట్టు తలూపి, భోజనం చేయకుండా వెనక్కి తిరిగాడు.

ఇంక మిగిలింది గైడుగారే.

"ఏమయ్యా, ఆ అమ్మాయి ఉత్తరం భలే ఉందటగా" అన్నాడు ఆయన, ఇతను నోరు తెరిచేలోపే. "ఆ సంస్థవాళ్ళు ఫోను చేసి మరీ మెచ్చుకున్నారు. ఇరవయ్యేళ్ళ తర్వాత మీ కలం మళ్ళీ పదునెక్కింది సార్, అన్నారు."

"సార్, అది నేను రాసింది."

"తెలుసయ్యా. ఆ పిల్లకి అంత భాష ఎక్కడిది? అందుకే అంటున్నాను. నాకు నెలకి ఇరవై ఉత్తరాలు పడతాయి. ఇకనుంచి అన్నీ నువ్వే చూడు. బయట వరండాలో బల్ల వేయిస్తాను. 'గౌరవ సహాయకుడు' అని బోర్డు కూడా పెట్టిస్తాను."

"జీతం...?"

"గౌరవం అన్నాక జీతమేంటయ్యా? వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు అతనికి నలభై ఒకటి నడుస్తుంది. అది ఆయనకూ తెలుసు. పెద్దన్న తలూపాడు. మరుసటి వారం పట్టా తీసుకోవడానికి కిటికీ దగ్గరికెళ్తే గుమాస్తా పాత ఫారం తీశాడు.

"మాటల్లో ఉందని పెట్టారు. ఏమయ్యాయండీ మాటలు?"

"సారు దగ్గర గౌరవ సహాయకుడిగా..."

"శుభం!" గుమాస్తా అతని టిక్కును తెల్లరంగుతో చెరిపి, మొదటి గడిలో తనే పెట్టాడు. ఖాయమైంది. ఆ ఏడాది విశ్వవిద్యాలయం వేసిన రంగుల పుస్తకంలో, సామాజిక శాస్త్రాల డాక్టర్లందరికీ నూటికి నూరు పాళ్ళు స్థానాలు దొరికాయని అచ్చయింది. ఆ నూటిలో ఒక పాలు వరండాలో, చెప్పుల బీరువా పక్కన కూర్చుంది.

*

ఏడాది తిరిగింది. పెద్దన్న రెండు వందల పైచిలుకు ఉత్తరాలు రాశాడు. అతని ఉత్తరాలతో వెళ్ళినవాళ్ళు గదులు సంపాదించారు, తలుపుల మీద పేర్లు వేయించుకున్నారు. భార్య అతనితో మాట్లాడ్డం మానలేదు గానీ, ఏం చేస్తుంటారు మీ ఆయన అని ల్యాబులో అడిగితే సమాధానం చెప్పడం మానేసింది.

ఒకరోజు మధ్యాహ్నం పిచ్చుక వచ్చింది. మెడలో ఆ సంస్థ పట్టీ, భుజాన ఖరీదైన సంచి. కాస్త ఒళ్ళు చేసింది. ఇప్పుడా పేరు అతకదు.

"అన్నా! ఎలా ఉన్నావు? అరే, బల్ల బాగుందే!"

ఆమె వచ్చిన పని చెప్పింది. మొదటి ఏడాది అయ్యాక, రెండో ఏడు కొనసాగించాలంటే గైడు ఉత్తరం మళ్ళీ కావాలట. ఆమె ఈ ఏడాదిలో అనుకున్నంత పని చూపించలేకపోయిందట. పైవాళ్ళు కొంచెం గుర్రుగా ఉన్నారట. ఈ ఉత్తరం మీదే అంతా ఉందట.

"సారుని అడిగితే నీ దగ్గరికే పొమ్మన్నారు. మునుపటిలాగే రాయన్నా. నీ చెయ్యి పడితే చాలు, నాకు భయం లేదు."

"రాస్తాను. ఎందుకు రాయను."

"ఇంకోటి అన్నా. నీకు మేలు చేద్దామనే వచ్చాను." పిచ్చుక స్టూలు దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించింది. "రెండో ఏడు ఖాయమైతే నాకో సహాయకుణ్ణి ఇస్తారు. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగి రాసుకురావాలి. దానికి వయసు పట్టింపు లేదు. నిన్నే పెట్టుకుంటాను. నీ అంత బాగా తిరిగేవాళ్ళు నాకెక్కడ దొరుకుతారు? నా గదిలోనే మూల ఒక బల్ల వేయిస్తాలే."

ఆమె మనస్ఫూర్తిగా అంది. ఆ మొహంలో అప్పటి తడే ఇప్పుడూ ఉంది. జాలిపడేవాళ్ళకు ఎదుటివాడి మొహం కనిపించదు, వాళ్ళ జాలే వాళ్ళకు కనిపిస్తుంది.

"కూర్చో" అన్నాడు పెద్దన్న. "అరగంటలో అయిపోతుంది."

ఈసారి రెండు రోజులు పట్టలేదు. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

'ఈమెను నేను ఆరేళ్ళుగా ఎరుగుదును. ఎవరి దగ్గర ఏం దొరుకుతుందో ఈమెకు బాగా తెలుసు, దాన్ని నొప్పి కలగకుండా తీసుకోవడమూ తెలుసు. మూడో అధ్యాయంలోని విధానం విభాగంలో మరొకరిది. పట్టికలు మరొకరు తిరగరాసినవి. ఒంటరిగా కూర్చుని ఈమె చేసిన పని ఏదీ నా ఎరుకలో లేదు. గత ఏడాది నేను రాసిన ఉత్తరంలో ఈ సంగతులు రాయలేకపోయినందుకు చింతిస్తున్నాను. చక్కని సహాయకుడొకడు పక్కనుంటే ఈమె బాగా రాణిస్తుంది.'

చదువుకున్నాడు. ఒక్క అబద్ధం లేదు. గైడుగారి గదిలోకి తీసుకెళ్ళాడు.

ఆయన పెన్ను మూత తీశాడు. "ఆ పిల్లదేనా? బాగా రాశావా?"

"ఉన్నది ఉన్నట్టు రాశాను సార్."

గైడుగారి పెన్ను కాగితానికి అంగుళం మీద ఆగింది. ఆయన ఇన్నేళ్ళలో మొదటిసారి బల్ల మీద కళ్ళద్దాల కోసం తడిమాడు. పెద్దన్న వాటిని చూస్తూనే ఉన్నాడు. ఫైళ్ళ కింద ఉన్నాయి, ఒక కమ్మీ బయటికి కనిపిస్తోంది. చెప్పలేదు. ఆయన రెండు ఫైళ్ళు ఎత్తి చూశాడు, మూడోది ఎత్తడానికి బద్ధకించాడు.

"నీ మీద నాకు నమ్మకముందయ్యా" అని గీత గీకేశాడు.

పెద్దన్న వరండాలోకి వచ్చి, కాగితాన్ని మూడు మడతలు పెట్టి, కవరులో పెట్టి, బంక రాసి, బొటనవేలితో అంచు పొడవునా నొక్కాడు. పిచ్చుక లేచి చెయ్యి చాచింది.

"నేనే తీసుకెళ్ళి ఇచ్చేస్తానన్నా, పోస్టులో ఆలస్యమవుతుంది. అరే, అంటించేశావా?"

"అంటించేశాను. చూడాలంటే చింపాలి. చింపనా?"

"ఛ, నువ్వు రాస్తే నేను చూడాలా!" అంది పిచ్చుక.

కవరు నలగకుండా సంచిలో పుస్తకాల మధ్య పెట్టుకుంది. మెట్లు దిగుతూ దిగుతూ వెనక్కి తిరిగి, "సిద్ధంగా ఉండన్నా, నెలలో కబురు చేస్తాను" అని చెయ్యూపింది.

పెద్దన్న కూడా చెయ్యూపాడు. ఆమె మలుపు తిరిగాక, వేలికి మిగిలిన బంకను బల్ల అంచుకి రాసి, తర్వాతి కాగితం ముందుకి లాక్కున్నాడు.